కరువుల కారిన కప్పు

ఆ రోజుల్ల మా సోలాపూర్ల ఎండాకాలం వచ్చిందంటే పెండ్లి సంబంధాలు సుత నీళ్ల మాటతోనే మొదలయితుండె. పిల్లగాడు ఏం జేస్తడు, ఇంట్ల ఎన్ని సాంచెలున్నయి అని అడిగేకంటే ముందు, "మీ గల్లీల నల్లా ఎన్ని రోజులకోపారి వస్తది?" అని అడుగుతుండ్రి. (మరమగ్గాన్ని మేము సాంచె అంటం. మా తాతలు తెలంగాణ నుంచి బట్ట నేసుకుంట వచ్చి ఈడ పడ్డోళ్లు. భాష వాళ్లదే మిగిలింది గాని, నడుమ నడుమ మరాఠీ వచ్చి చేరింది, అడగకుంటనే వచ్చి కూసున్న చుట్టం లెక్క.) అసొంటి ఊర్ల, అసొంటి కరువుల, తాగనీకే నీళ్లు లేని ఒక ఏప్రిల్ నెలల మా ఇంటి పైకప్పు కారిందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతరు. నవ్వనీయి. అప్పటోళ్లు సుత నవ్విన్రు. ఎక్కడినుంచి కారుతుందో కనిపెడత అని నేను నడుము కట్టినంక అయితే, గల్లీ గల్లీ మొత్తం పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ నవ్వులల్ల ఒక పెద్దమనిషి పరువు కొట్టుకపోయేది. ఆఖరి నిమిషంల ఎట్లనో ఆగింది.

మాది నీలం నగర్‌ల రెండంతస్తుల ఇల్లు. మాది అంటే మాది కాదు. ఇల్లు మా పెద్దనాయనది. ఆయన మా నాయనకు సొంత పెద్దనాయన కొడుకు. మీది అంతస్తుల పెద్దనాయన, పెద్దమ్మ ఇద్దరే ఉంటుండ్రి. కింద మేము కిరాయికి. ముందటి అర్రల రెండు సాంచెలు, ఎనక అర్రల వంట, పడక, నా చదువు, మా బాపమ్మ దగ్గు, అన్నీ. పెద్దనాయన నలభై ఏండ్లు బట్టల మిల్లుల జాబర్ పని, అంటే సాంచెల మీద మేస్త్రి పని, జేసి దిగినోడు. తెల్లటి ధోతి, తెల్లటి బనీను, తెల్లటి మీసాలు, నున్నటి బోడగుండు. ఆయన మెట్లు దిగుతుంటే గల్లీల పిల్లలు గోలీలు జేబుల వేసుకొని సక్కగ నిలబడుతుండ్రి. ఆ ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడల్ల బిందెల కాడ కొట్లాటలు అయితున్నయని, గల్లీ పెద్దలంత కూడి ఆయన చేతికి ఊదే సీటీ ఒకటి ఇచ్చి నీళ్ల పెత్తనం అప్పజెప్పిన్రు. ఆనాటి నుంచి ఇంటికి రెండే బిందెలు. మూడో బిందె తెచ్చినోళ్లను ఆయన చూసే చూపుకే ఆ బిందె ఖాళీగ ఇంటికి పోతుండె.

నేనప్పుడు పన్నెండో తరగతి సైన్సు పరీక్ష రాసి ఇంట్ల కూసున్న. పద్దెనిమిదేండ్లు. రిజల్టు ఇంకా రాలేదు గాని, నాకు నేను పాసయి, సగం సైంటిస్టును అయిపోయిన. నాయన నన్ను ఇంట్ల "సైన్సు" అనే పిలుస్తుండె. "సైన్సూ, చాయ్ పెట్టు," "సైన్సూ, కండెలు చుట్టు," ఇట్ల. నాకది బిరుదు లెక్కనే వినపడుతుండె.

ఒకనాడు పొద్దున నాయన సాంచె నడిపిస్తుంటే ఆయన మెడ మీద టప్పుమని ఒక చుక్క పడ్డది. నాయన తుడుసుకొని, చెయ్యి వాసన చూసి, "బల్లి" అన్నడు. ఇంకో చుక్క పడితే "పెద్ద బల్లి" అన్నడు. మూడో చుక్క మగ్గం మీది తెల్లటి తువ్వాల మీద పడి, చూస్తుండంగనే తుప్పు రంగు మచ్చయి పరుచుకున్నది. అప్పుడు తలకాయెత్తి చూసినం. సున్నం కప్పు మీద, సక్కగ సాంచె నెత్తిన, తాంబాళమంత చెమ్మ. అంచులు పసుపు, నడుమ నలుపు. అమ్మ "అయ్యో" అన్నది. బాపమ్మ మంచం మీదినుంచి లేచి వచ్చి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని శానసేపు చూసి, గబుక్కున కొంగు నెత్తి మీదికి లాక్కున్నది.

"ఏమైందే బాపమ్మా?"

"మా బావ," అన్నది చిన్నగ. "గదే మొఖం. గదే ముక్కు. చచ్చి ఇరవై ఏండ్లాయె, ఇప్పుడొచ్చిండు."

ఆ బావ అంటే వేరే ఎవరో కాదు, మీది పెద్దనాయనను కన్న తండ్రి. బతికినన్నాళ్లు బాపమ్మ ఆయన ఎదుట నెత్తి మీద కొంగు లేకుంట నిలబడలేదంట. ఆ మర్యాద చెమ్మకు సుత తప్పలేదు. ఆనాటినుంచి బాపమ్మ సాంచె అర్రల నుంచి నడిచినప్పుడల్ల కొంగు కప్పుకొని, తల వంచుకొని, గోడకు ఒరుసుకొని పోవుడే. చెమ్మ దినం దినం పెరుగుతుంటే, "బావ ఒళ్లు చేస్తున్నడు," అనుకుంట పోతుండె.

బావ సంగతేమో గాని, మా బతుకు మీదికొచ్చింది. నూలు, పడుగు చుట్టిన బీములు ఇచ్చి నేయించుకునే సేఠ్ మా దగ్గరినుంచి చుట్ట చుట్టి పోయిన తువ్వాలల థాన్‌ను విప్పి చూసి, మూటగట్టి వాపస్ పంపిండు. "తువ్వాల అడిగిన. తుప్పు పట్టిన తువ్వాల అడగలే. ఇంకొక్క థాన్ ఇట్ల వస్తే బీములు లేపి వేరేటోళ్లకిస్త" అని మనిషితోని కబురు. సాంచెను పక్కకు జరుపుదామా అంటే, అది నేలకు బోల్టులు బిగించి కూసున్నది. నాయన ఒక ప్లాస్టిక్ కాగితం తెచ్చి సాంచె మీద పందిరి లెక్క కట్టిండు. రెండు రోజులు బాగనే ఉన్నది. మూడోనాడు పందిరి నడుమ చెంబెడు నీళ్లు జమయి, ముడి ఊడి, నాయన మీదనే పడ్డయి. ఆ తర్వాత గొడుగు కట్టిండు. ఏప్రిల్ ఎండల, ఇంటి లోపట, సాంచె నెత్తిన నల్లటి గొడుగు. దారిన పోయేటోళ్లు కిటికీలనుంచి తొంగిచూసి, "కాయ్ హో, ఏందయ్యా, వానా?" అని అడిగి పోతుండ్రి.

ఆఖరికి అమ్మ పోరు పడలేక నాయన మీదికి పోయిండు, అన్నతోని తేల్చుకొని వస్తనని. అర్ధ గంటకు దిగొచ్చిండు. "ఏమన్నడు?" అన్నది అమ్మ. నాయన మొఖం తేటగ ఉన్నది. "చాయ్ పోసిన్రు. అన్న ఒక్క చెంబుతోని స్నానం ఎట్ల చేయాలె అన్నది చూపించిండు." అని, మా ఇంటి నడుమ నిలబడి మాకు సుత చేసి చూపించిండు: మొదటి దోసెడు మొఖానికి, రెండోది మెడకు, తడిపిన గుడ్డతోని చేతులు, చంకలు, మిగిలింది కాళ్లకు. "అన్న నెలనుంచి గిట్లనే చేస్తున్నడంట. ఒక్క చెంబు! మీద వాళ్ల ఇంట్ల చుక్క నీళ్లు లేవు, ఇంక కారుడెక్కడిది అన్నడు. నిజమే కదా?" పోయింది ఫిర్యాదుకు, వచ్చింది పాఠం నేర్చుకొని. అమ్మ నెత్తి కొట్టుకున్నది.

ఇంక సైన్సు రంగంల దిగాలె కదా. నేను దిగిన.

ముందుగాల ఒక బొగ్గు ముక్క పట్టుకొని, స్టూలు ఎక్కి, చెమ్మ అంచుల పొంట గీత గీసిన. పొద్దుమూకంగ చూస్తే గీత మీదనే ఉన్నది. తెల్లారి చూస్తే గీత దాటి రెండు వేళ్ల వెడల్పు పరుచుకున్నది. మళ్ల గీసిన. మళ్ల గదే కథ. వారం రోజులల్ల కప్పు మీద ఉల్లిగడ్డ కోసినట్టు గీతల మీద గీతలు. (బాపమ్మ, "బావకు గడ్డం పెడుతున్నవా పోరి?" అన్నది.) తేలింది ఏందంటే: చెమ్మ ఊకె పెరుగుతలేదు, పొద్దుగాల్ల, మిల్లు భోంగా (సైరను) మొదటిసారి కూసే యాళ్లకే పెరుగుతుంది. ఇది నిజంగ మంచి ఆధారం. తెలివున్నోళ్లు ఈడనే ఆగి, పొద్దుగాల్లనే మీద ఎవరేం చేస్తున్నరు అని ఆలోచిస్తరు. నేను సైంటిస్టును, మనుషుల గురించి ఎందుకు ఆలోచిస్త? స్టీలు గిలాస కప్పుకు ఆనించి, దానికి చెవి ఆనించి విన్న. టకటక టకటక టకటక అని ఒకటే చప్పుడు. "నాయనా, లోపట పెద్ద ధార పారుతుంది, ఇనుప పైపు కొట్టుకుంటుంది!" అని అరిచిన. నాయన వచ్చి గిలాస తీసుకొని విని, "అది పక్కింటోళ్ల సాంచె బిడ్డా" అని గిలాస ఇచ్చి పోయిండు. తర్వాత, ఉప్పు చెమ్మను పీలుస్తదని చదివిన గుర్తుండి, చెమ్మ కింద నాలుగు మూలల నాలుగు ఉప్పు పొట్లాలు కట్టిన, ఏ దిక్కుది ఎక్కువ తడుస్తదో చూద్దామని. పొద్దటి వరకు మూడు మాయమైనయి. ఇంట్ల ఉప్పు అయిపోతే అమ్మ పప్పుల వేసింది.

మిగిలింది ఒక్కటే. మీదికి పోయి చూసుడు. మా సాంచె అర్రకు సక్కగ మీద వాళ్ల వంటిల్లు. ఆ వంటింట్లకు పెద్దమ్మ ఎవరిని రానిస్తలేదు. గడప కాడ చీర పరదా కట్టి, చెంబెడు నీళ్లు అప్పడిగినా, "లేవే బిడ్డా, చుక్క లేవు" అని పరదా బయటనే మాట్లాడి పంపుతుండె. ఇదివరకు గట్ల చేసే మనిషి కాదు. నేను గిన్నెల మామిడికాయ తొక్కు పెట్టుకొని పోయిన. అదృష్టానికి అప్పుడే గల్లీలకెల్లి రేడియో అత్త పిలిచింది. (గల్లీల ఎవరింట్ల ఏం జరిగినా అరగంటల అందరికీ చేరవేస్తది కాబట్టి ఆ పేరు. అసలు పేరు ఆమెకు సుత మతికుందో లేదో.) పెద్దమ్మ గ్యాలరీలకు పోంగనే నేను పరదా ఎత్తి లోపటికి దూరిన. మూలకు, గోనెసంచి కప్పి, ఇనుప డ్రమ్ము. సంచి ఎత్తి చూస్తే నిండ నీళ్లు! పక్కన ఒక పీట, పీట మీద చెంబు, చెంబు పక్కన సబ్బు బిళ్ల. గోడకు ఆరేసిన తువ్వాల. అవన్నీ నా కండ్లకు కనిపించినయి. ప్రమాణం చేసి చెప్తున్న, అన్నీ కనిపించినయి. కాని నా సైన్సు బుర్రకు డ్రమ్మొక్కటే కనిపించింది. దాని అడుగు తుప్పు పట్టి, బొక్కపడి, నీళ్లు కింది స్లాబుల దిగుతున్నయి. అంతే. ఇంక రుజువు చేసుడే తరువాయి.

రుజువుకు రంగు కావాలె. మా అమ్మ తమ్ముడు కుంఠా నాకా కాడ నూలుకు రంగులు వేసే కార్ఖానల పనిజేస్తుండె. ఆయన చేతులు ఒక్కో వారం ఒక్కో రంగు ఉంటుండె. పోయి అడిగిన.

"ఎందుకే?" అన్నడు మామ.

"ప్రయోగం మామా. నీళ్లు ఏడికెళ్లి ఏడికి పోతున్నయో చూడాలె."

"కాలేజీదా?"

"ఆఁ," అన్న.

మామ చదువంటే పాణమిచ్చే మనిషి. ఒక పొట్లం కట్టి ఇచ్చి, "రాణి రంగు. కచ్చా రంగే గాని, ఒంటికి అంటితే వారం దాక ఇడువది. డ్రమ్ముకు చిటికెడు చాలు. చిటికెడంటే ఎంత? బొట్టు పెట్టుకునేంత. ఇంటున్నవా?" అన్నడు. ఇన్న. కాని ఆ సాయంత్రం గిన్నె వాపస్ తెచ్చుకుంట అని మీదికి పోయి, పెద్దమ్మ దేవునికి దీపం పెట్టేలోపల డ్రమ్ము కాడికి ఉరికి పొట్లం విప్పితే, తొందరల చెయ్యి జారి, పొట్లం పొట్లమే డ్రమ్ముల పడ్డది. కాగితం ఒక్కటి చేతికి దొరికింది. తాగే నీళ్లు వేరే మట్టి రంజన్ల ఉన్నయని ముందే చూసుకున్న కాబట్టి, పోనీలే, రంగు గట్టిగ ఉంటే రుజువు సుత గట్టిగ ఉంటది అనుకొని, సంచి కప్పి దిగొచ్చి, హాయిగ నిద్రపోయిన.

తెల్లారి ఇంకా మసక మసకగ ఉండంగనే భోంగా కూసింది. ఆ యాళ్లకు కరెంటు లేదు. రోజూ ఆ టైముకు పోతుండె. నేను కందిలి పట్టుకొని కప్పు కింద నిలబడ్డ. ఒక చుక్క పడ్డది. అరచేతిల పట్టి చూసిన. రాణి రంగు! నేను ఎగిరిన ఎగురుడుకు కందిలి ఆరిపోయింది. నాయనను లేపిన, అమ్మను లేపిన, "డ్రమ్మే! డ్రమ్మే!" అని అరిచిన. వాళ్లకేం అర్థం కాలేదు. అప్పుడే గల్లీ మూలకెల్లి ట్యాంకర్ హారన్ మోగింది. మామూలుగ ఎనిమిదింటికి వచ్చేది ఆనాడు ఆరు కాకముందే వచ్చింది. ఇంక రుజువు లేదు, సైన్సు లేదు. రెండు బిందెలు పట్టుకొని అందరం ఉరుకుడే. పెద్దమ్మ మాకంటే ముందే లైన్ల నిలబడ్డది.

మెట్ల మీద పెద్దనాయన చెప్పుల చప్పుడు వినపడ్డది. హారన్‌కు ఉరికొస్తున్నడు. ధోతి చెంగు ఒక చేతిల, సీటీ నోట్ల. వచ్చి, ట్యాంకర్ మెట్టు ఎక్కి, సీటీ ఊది, "లైన్ల నిలబడున్రి! ఇంటికి రెండే బిందెలు!" అన్నడు.

గల్లీ అంత చప్పుడు లేకుంట అయింది. ఆయన మాటకు అందరు సల్లబడ్డరు అనుకున్నడు కాబోలు, ఇంకా గట్టిగ, "ఆఁ, గట్ల ఉండాలె" అన్నడు. అప్పటికి తెల్లగ తెల్లారింది. ఆ వెలుగుల మా పెద్దనాయన బోడగుండు రాణి రంగు. చెవులు రాణి రంగు. తెల్లటి మీసాలు రాణి రంగు. మెడనుంచి చారలు చారలుగ దిగి బనీను నిండ, ధోతి నిండ. చెప్పులల్ల పది వేళ్లు పది కుంకుమ భరిణెల లెక్క. నా చేతిలనుంచి బిందె జారి కిందపడి, గల్లీ ఈ కొసనుంచి ఆ కొసకు దొర్లుకుంట పోయింది. డ్రమ్ముకు బొక్క లేదు. డ్రమ్ము పక్కన పీట ఉన్నది, సబ్బు ఉన్నది, మనిషి ఉన్నడు. రోజూ పొద్దుగాల్ల, దీపం లేకుంట, చీకట్ల... ఒక్క చెంబు పాఠం చెప్పే పెద్దనాయన.

రేడియో అత్త గొంతు సవరించుకున్నది. "అన్నా, రంగపంచమి పోయి నెలాయె కదా?"

"ఏం రంగపంచమి? నీ బిందె నువ్వు చూస్కో," అన్నడు పెద్దనాయన. అని, చెమటకు భుజం మీది తువ్వాలతోని మొఖం తుడుసుకొని, తువ్వాల చూసుకున్నడు. చేతులు చూసుకున్నడు. కాళ్లు చూసుకున్నడు. తర్వాత తలకాయెత్తి మీద తన వంటింటి కిటికీ దిక్కు చూసిండు. సీటీ నోట్లనుంచి జారి మెడకు వేలాడింది.

ఇది చాలదన్నట్టు మా బాపమ్మ లోపటికెల్లి కొంగు నెత్తి మీద కప్పుకొని, కట్టె కొట్టుకుంట బయటికొచ్చింది. ఆమె ట్యాంకర్ దిక్కు చూస్తనే లేదు. "ఒరేయ్! మీ నాయన మొఖం ఎర్రగయింది రా! కప్పు మీద కందిపోయి ఉన్నడు! ఏం పనిజేసినవ్ రా, చచ్చినోడు సుత సిగ్గుపడుతున్నడు?" అని పెద్దనాయన మీద కేకలు.

గల్లీ పగిలింది. నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడ్డరు. నేను మాత్రం నవ్వలేకపోయిన. నాకు పెద్దనాయన మొఖమే కనపడుతుంది. కోపం లేదు. అంత మనిషి, పిల్లలు గోలీలు దాసుకునేంత మనిషి, చిన్నపిల్లగాడు దొరికిపోయినట్టు నిలబడ్డడు. పెద్దమ్మ లైన్లనుంచి అడుగు ముందుకేసి, మళ్ల ఆగి, కొంగు నోట్ల కుక్కుకున్నది. ఇంకొక్క నిమిషమైతే ఎవరో ఒకరు అడుగుతరు: ఇంత తడి ఎక్కడిది? ఇన్ని నీళ్లు ఎక్కడివి? ఆ మాట వచ్చిందంటే ఆయన ఇంక ఈ గల్లీల తలెత్తలేడు.

"నేనే!" అని అరిచిన. ఎట్ల అరిచిన్నో నాకే తెల్వదు. "నేనే చేసిన! మామ ఇచ్చిన రంగు పొట్లం మెట్ల మీదికెల్లి జారింది. కింద పెద్దనాయన ఉండె. నెత్తి మీద పడ్డది!"

నాయన, జీవితంల నా మీద చెయ్యెత్తని నాయన, వచ్చి నా చెవి పట్టుకొని మెలేసిండు. "సైన్సు! సైన్సు!" అనుకుంట. కాని రేడియో అత్త అంత తొందరగ ఇడిచే మనిషా? "పొడి రంగు నెత్తిన పడితే, కాలి ఏళ్ల దాక తడి తడిగ ఎట్ల దిగిందే?"

"చెమట అత్తా," అన్న.

అందరు ఒకసారి అప్పుడే లేస్తున్న సూర్యుణ్ణి చూసిన్రు, ఒకసారి తమ తమ రైకలు, బనీన్లు చూసుకున్నరు. సోలాపూర్ల ఏప్రిల్ నెలల చెమటని అబద్ధమనేటోడు ఇంకా పుట్టలేదు. "నిజమే తల్లీ," అన్నది ఎవరో. రేడియో అత్త సుత తలూపింది. పెద్దనాయన నా దిక్కు ఒక్క చూపు చూసి, సీటీ మళ్ల నోట్ల పెట్టుకొని ఊదిండు. ఊదుడు ముందటిలెక్క లేదు, కొంచెం వణికింది.

పగటీలి ఆయన మా ఇంటికి దిగొచ్చిండు. మేమందరం గోడకు ఒదిగి నిలబడ్డం. నాయనైతే, ఇల్లు ఖాళీ చెయ్యమంటడని సగం మూట మనసుల కట్టేసిండు. పెద్దనాయన కప్పు మీది రాణి రంగు చెమ్మను, బొగ్గు గీతలను, గొడుగును, గొడుగు కింద మచ్చలు పడ్డ తువ్వాలలను అన్నిటిని చూసి, స్టూలు మీద కూసున్నడు.

"ఎన్ని దినాలనుంచి?"

"ఇరవై దినాలు అన్నా," అన్నడు నాయన.

"గట్టిగ ఎందుకు చెప్పలేదు రా?"

"చెప్పనీకి వచ్చిన. నువ్వు ఒక్క చెంబు స్నానం..." అని నాయన నడుమల ఆపేసిండు.

పెద్దనాయన తన రాణి రంగు చేతులు చూసుకున్నడు. "నలభై ఏండ్లు దూది దుమ్ముల బతికిన," అన్నడు, నా దిక్కు చూడకుంట నాతోని. "ముక్కుల దూది, చెవులల్ల దూది. ఇంటికొచ్చి రెండు బకిట్లు పోసుకుంటే గాని మనిషినన్నట్టు ఉండకపోతుండె. మిల్లు ఇడిచినా ఆ దూది ఒంటిమీదనే ఉన్నట్టుంటది బిడ్డా. ఒక్క చెంబు అందరికి చెప్పిన. నాలుగు దినాలు నేను సుత చేసిన. రాత్రిళ్లు గోక్కుంట కూసుంటే మీ పెద్దమ్మ చూడలేకపోయింది. మా రెండు బిందెలల్లనే ఆమె ఇగురం చేసి, చెంబు చెంబు మిగిలిచ్చి డ్రమ్ముల పోసింది. ఒకరి నీళ్లు ముట్టలేదు. కాని చెప్పేదొకటి, చేసేదొకటి అయింది కదా... అందుకే చీకట్ల."

అప్పుడు నాకు తెలిసింది నేను చేసిన పని. పెద్దమ్మ నోరు కట్టుకొని, ఇరుగుపొరుగుతోని పిసినారి అనిపించుకొని చెంబు చెంబు కూడబెట్టిన డ్రమ్ము, కరువుల, నేను రాణి రంగు చేసిన. ఏడ్పొచ్చింది. "గట్ల ఏడిస్తే నీళ్లు వస్తయా?" అన్నది బాపమ్మ, కప్పు దిక్కు ఒక కన్ను వేసి. ఆమె అన్నది తిట్టేతందుకే గాని, పెద్దనాయన మీసాల కింద నవ్విండు. ఆ రంగు మీసాలల్ల నవ్వు చూసి నాయన నవ్విండు. ఇంక అందరం.

ఆ రంగు నీళ్లను ఏంజేద్దామని మా మామనే పిలిచినం. మామ డ్రమ్ముల తొంగిచూసి, "బొట్టు పెట్టుకునేంత అని చెప్తి కదనే!" అని నెత్తి కొట్టుకొని, తర్వాత మూలకున్న మచ్చల థాన్‌ను చూసిండు. సేఠ్ తీసుకోని ఆ తెల్లటి తువ్వాలలన్నిటినీ ఆ నీళ్లల్లనే వేసి, కాచి, ఆరేసిండు. తుప్పు మచ్చ ఒక్కటి కనపడకుంట రాణి రంగు తువ్వాలలు తయారైనయి. సేఠ్ రంగు తువ్వాలలు తనకొద్దన్నడు. నాయన ఇంటికొకటి అని గల్లీ అంత పంచిండు. కచ్చా రంగు కదా, ఎండకు మెడల వేసుకున్నోళ్లందరి మెడలు, చెవులు రెండు రోజులల్ల రాణి రంగు. రేడియో అత్త నెత్తికి చుట్టుకొని, నుదురంత రంగు పెట్టుకొని ఊరేగింది. ఇంక పెద్దనాయన దిక్కు ఏలు చూపేదెవరు? నీలం నగర్‌ల మా గల్లీ మనిషిని దూరంనుంచే గుర్తుపట్టొచ్చు అని మామ ఇప్పటికీ అంటడు.

పెద్దనాయన మరునాడే మేస్త్రిని తోలుకొచ్చి వంటింటి బండల సందులు తవ్విచ్చి, సిమెంటు నింపిచ్చిండు. కింద చెమ్మ ఆరింది. నాయన గొడుగు విప్పిండు, సేఠ్ బీములు మా కాడనే ఉన్నయి. నేనేమో శిక్ష నాకు నేనే వేసుకున్న: నా వంతుల రోజూ ఒక చెంబు మిగిలిచ్చి, మీదికి మోసుకపోయి డ్రమ్ముల పోసుడు. మొదటి దినం పెద్దమ్మ పరదా కాడ ఆపింది. రెండో దినం పరదా ఎత్తి పట్టుకున్నది. మూడో దినం పరదానే లేదు.

జూన్ నెల రెండో వారంల వాన పడ్డది. పొద్దుగాల కాదు, చీకట్ల కాదు. పట్టపగలు, గల్లీ గల్లీ చూస్తుండంగ. పెద్దనాయన ధోతి మోకాళ్ల మీదికి ఎగ్గట్టి, సబ్బు పట్టుకొని మెట్లు దిగి నడి గల్లీల నిలబడ్డడు. చూరు నీళ్లు ధారగ పడే కాడ తలకాయ పెట్టి, నురగ నురగయి, కండ్లు మూసుకొని, గొంతెత్తి ఏదో పాడుకుంట స్నానం చేసిండు. పిల్లలు భయం మరిచి ఆయన చుట్టూ దుంకిన్రు. ఆయన కండ్లు తెరిచి, గడప కాడ నిలబడ్డ నన్ను చూసి, "రావే పోరి, తడువు! ఇన్ని నీళ్లున్నయి!" అని చెయ్యి చాపిండు.

నేను పోలేదు. పద్దెనిమిదేండ్ల ఆడపిల్లను, గల్లీల నలుగురు చూస్తరు, కొత్త పరికిణి, ఇంకేవో. గడప మీదనే నిలబడి, చెయ్యొక్కటి బయటికి చాపి తడుపుకొని, నవ్వి, లోపటికొచ్చిన. ఇప్పుడు ఆయన వయసుకు దగ్గర పడుతున్న. హోట్గి రోడ్ దిక్కు మా ఫ్లాట్ల నల్లా తిప్పితే నీళ్లు, గాజు కిటికీలు, వాన పడితే చప్పుడు సుత లోపటికి రాదు. ఇప్పుడు ఎవరన్న "రావే, తడువు" అంటే చెప్పులు సుత వేసుకోకుంట ఉరుకుత. కాని ఈ వయసుల నన్ను "పోరీ" అని పిలిచి, వానల తడువుమనేటోళ్లు ఎవరున్నరు?